ఆటోనగర్‌లో ఆర్ఓ ప్లేట్లు చేసే లేత్ షాపు: కోసే ముందు అడుగుతారు

ఆర్ఓ అనగానే అందరికీ నీళ్ల ఫిల్టరే గుర్తొస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను, ఇది రెస్ట్రిక్షన్ ఆరిఫీస్ ప్లేట్ల గురించి. పైపులను బోల్టులతో కలిపే రెండు ఫ్లాంజుల (పైపు చివరి వెడల్పాటి అంచుల) మధ్య బిగించే గుండ్రటి స్టీలు బిళ్ల, దాని మధ్యలో చిన్న రంధ్రం. ఈ లైన్లో గ్యాస్ ఇంతకు మించి పోకూడదు అని కట్టడి చేసేది ఆ రంధ్రమే. దానికి మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు, తిప్పడానికి చక్రం లేదు. అందుకే ఒకసారి తప్పు సైజులో బిగిస్తే ఏళ్ల తరబడి ఎవరూ దాని వైపు చూడరు.

నేను విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఒక బల్క్ డ్రగ్ ప్లాంటులో ప్రాసెస్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. గాజువాక ఆటోనగర్‌లోని ఈ షాపులో ఏడాదిన్నరగా పదకొండు ప్లేట్లు చేయించాను. ఇన్నాళ్లకు రాస్తున్నాను, ఎందుకంటే మొన్న మా పక్క ప్లాంటు కుర్రాడొకడు "మేడమ్, బిళ్లకు రంధ్రం పెట్టడానికి అంత దూరం ఎందుకు, మా సందులో డ్రిల్లింగ్ మెషీన్ ఉంది కదా" అన్నాడు. అతనికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఈ షాపుకు రావడానికి కారణం ఒక చెడిపోయిన పని. మా సాల్వెంట్ ట్యాంకు మీద నైట్రోజన్ బ్లాంకెటింగ్ ఉంది, అంటే లోపలి ద్రవం మీద గాలి చేరకుండా నైట్రోజన్‌తో దుప్పటిలా కప్పి ఉంచడం. 7 బార్ హెడర్ (ప్లాంటంతటికీ గ్యాస్ పంచే పెద్ద పైపు) నుంచి రెగ్యులేటర్ ద్వారా ట్యాంకులోకి కొద్దికొద్దిగా నైట్రోజన్ వెళ్తుంది. ఆ రెగ్యులేటర్ ఎప్పుడైనా చెడిపోయి పూర్తిగా తెరుచుకుంటే గ్యాస్ అంతా ట్యాంకు మీద పడకుండా దానికి ముందు ఒక ఆర్ఓ పెట్టాలి. ట్యాంకు పైనుండి, లోపల ఎక్కువైన గ్యాస్‌ను బయటికి వదిలే బ్రీథర్ వాల్వులో ఈ పరిస్థితి కోసం మేం కేటాయించిన సామర్థ్యం గంటకు 60 నార్మల్ క్యూబిక్ మీటర్లు. కాబట్టి ఆర్ఓ 50కి మించి వదలకూడదని పెట్టుకున్నాం. ప్లేటు వేరే ఊరి సప్లయర్ దగ్గర కొన్నాం, పేరు అక్కర్లేదు. లెక్క కూడా వాళ్లే పంపారు: బోర్, అంటే రంధ్రం వ్యాసం, 4.46 మిల్లీమీటర్లు, ప్లేటు మందం 3 మిల్లీమీటర్లు. కాగితం అందంగా ఉంది, స్టాంపు ఉంది. చూసి సంతకం పెట్టింది నేనే.

బిగించాక నాకు ఎందుకో మనసు ఊరుకోలేదు. వాడకంలో లేని వెయ్యి లీటర్ల ఎయిర్ రిసీవర్ ఒకటి ఉంటే, ఈ ప్లేటు గుండా సరిగ్గా రెండు నిమిషాలు నైట్రోజన్ పంపి వాల్వు మూసేశాం. గ్యాస్ నింపేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి వెంటనే చూస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. అది చల్లబడి ముల్లు నిలకడ పడ్డాక చూశాం. 50 చొప్పున వెళ్లి ఉంటే ప్రెషర్ దాదాపు 1.9 బార్ పెరగాలి. రెండున్నర పెరిగింది. అంటే గంటకు 66. బ్రీథర్ వాల్వుకు ఇచ్చిన హద్దు దాటిపోయింది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై జనం మీద పడింది. దాని కారణాలు వేరు, ఈ ప్లేటుకూ దానికీ సంబంధం లేదు. కానీ ఆ రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరికీ ట్యాంకు వెంట్ అన్న మాట వింటే మామూలుగా ఉండదు. రిసీవర్ పరీక్ష చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెలిసిన మెయింటెనెన్స్ ఆయన ఈ షాపు చెప్పారు. లంకెలపాలెం మీదుగా కూర్మన్నపాలెం దాటి గాజువాకకు వచ్చి, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య వెతుక్కుంటూ వెళ్లాను. ముందు రెండు లేతులు, వెనక ఒక మిల్లింగ్ మెషీన్, మూలన ఏసీ ఉన్న చిన్న గది. మేస్త్రీ గారికి అరవై దాటి ఉంటాయి. ఇన్‌స్ట్రుమెంట్ వర్క్‌షాపుల్లో టర్నర్‌గా చేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివిన ఆయన కోడలు ఏసీ గదిలో లెక్కలు చూస్తుంది.

పాత ప్లేటు ఆయన చేతికిచ్చి "ఇలాంటిదే, బోర్ కాస్త తగ్గించి చేసిపెట్టండి మేస్త్రీ గారూ" అన్నాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "దీని తర్వాత ఏటుందమ్మా?" అన్నారు. ట్యాంకు అన్నాను. "ట్యాంకులో ప్రెషర్?" దాదాపు ఏమీ లేదు అన్నాను. "అలగైతే ఇది పల్చగుంది. ఇది గ్యాసుని పట్టదు, వదిలేస్తాది. లోపలికెళ్లి అమ్మాయితో మాట్లాడండి."

లోపల ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలకే నేను ఈ షాపుకు మార్కులు వేస్తాను. 7 అంటే బార్లా, కేజీలా? మన ప్లాంట్లలో 7 కేజీల ప్రెషర్ అంటారు. అది సెంటీమీటరు చదరానికి 7 కేజీలు, బార్లలో 6.86. గేజా, అబ్సల్యూటా? గ్యాస్ లెక్కలో వాతావరణ పీడనం కలపాల్సిందే. 7 గేజ్ అంటే అసలు ప్రెషర్ 8 చిల్లర. అది మర్చిపోయి 7తోనే లెక్క కడితే రంధ్రం అవసరం కన్నా పెద్దదవుతుంది, ప్లాంటులో ఫ్లో 14 శాతం ఎక్కువ పోతుంది. ఉష్ణోగ్రత కూడా అడిగింది కానీ దాని మీద ఎక్కువ సేపు ఆగలేదు. పది డిగ్రీలు అటూ ఇటూ అయినా ఒకటిన్నర శాతం తేడా వస్తుందంతే.

ఆ తర్వాత అడిగిన ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "మేడమ్, ఈ 50 మీకు గరిష్ఠమా, కనిష్ఠమా? ఇంతకు మించకూడదా, ఇంతకు తగ్గకూడదా?"

ఎందుకు అడిగిందో చెప్పాలంటే గ్యాస్ సంగతి కొంచెం చెప్పాలి. రంధ్రం ముందు ప్రెషర్ అలాగే ఉంచి వెనక ప్రెషర్ తగ్గిస్తూ పోతే, ఒక దశలో రంధ్రంలో గ్యాస్ ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఆ పైన వెనక ఎంత తగ్గించినా ఫ్లో పెరగదు అని పుస్తకాల్లో చదువుకున్నాం. చోక్డ్ ఫ్లో అంటాం. నైట్రోజన్‌కు, గాలికి ఆ దశ వెనక ప్రెషర్ ముందు ప్రెషర్‌లో 0.528 వంతుకు చేరినప్పుడు వస్తుంది. మా ట్యాంకు దగ్గర ఆ నిష్పత్తి 0.13 కూడా లేదు, కాబట్టి చోక్ అయి తీరాలి. కానీ పుస్తకంలోని ఆ మాట నున్నటి నాజిల్‌కు వర్తిస్తుంది. పల్చటి, పదును అంచున్న ప్లేటులో గ్యాస్ రంధ్రం దాటాక సన్నబడి, ఆ తర్వాత విచ్చుకుంటుంది. వెనక ప్రెషర్ తగ్గేకొద్దీ ఆ సన్నబడటం తగ్గిపోయి ఇంకాస్త గ్యాస్ దూరుతూనే ఉంటుంది. దీన్ని 1951లోనే కనింగ్‌హామ్ ప్రయోగాలు చేసి చూపించారు. లెక్క ప్రకారం పోవాల్సిన దానిలో నిజంగా ఎంత వంతు పోతుందో చెప్పే అంకెను డిశ్చార్జ్ కోఎఫిషియెంట్ అంటాం. నీళ్లకు వాడే 0.61 ఇక్కడ నిలవదు, పెరిగి పెరిగి 0.84 దాకా వెళ్తుంది.

పాత సప్లయర్ లెక్కలో ఉన్నది ఆ 0.61. కోడలు మా అంకెలతోనే నా కళ్ల ముందు కట్టింది. 0.61 అయితే బోర్ 4.46, 0.84 అయితే 3.80. చూడటానికి అర మిల్లీమీటరు చిల్లర తేడా. కానీ 4.46 రంధ్రంలో నిజంగా 0.84 పనిచేస్తే ఫ్లో 50 కాదు, 69. రిసీవర్ పరీక్షలో మాకు వచ్చిన 66 ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

మరి మందం? పల్చటి ప్లేటు ఫ్లో వెనక ప్రెషర్‌ను బట్టి మారుతూ ఉంటుంది. అదే రంధ్రం కాస్త పొడవుగా, గొట్టంలా ఉంటే గ్యాస్ లోపలి గోడకు మళ్లీ అంటుకుని అక్కడే నిజంగా చోక్ అవుతుంది. 1979లో వార్డ్ స్మిత్ పత్రంలో మందం బోర్‌కు 1 నుంచి 7 రెట్ల మధ్య ఉన్నప్పుడు కోఎఫిషియెంట్ 0.84 దగ్గర కదలకుండా ఉంటుందని ఉంది. అందుకే 3.8 బోర్‌కు వాళ్లు 6 మిల్లీమీటర్ల ప్లేటు సూచించారు, అంటే ఒకటిన్నర రెట్లు. "మందం ఉంటే అది మాట మీద నిలబడతాది" అని బయటి నుంచి మేస్త్రీ గారు. మామ మాటలో ఉన్నదే కోడలి షీటులోనూ ఉంది.

ఇప్పుడు ఆ గరిష్ఠం, కనిష్ఠం ప్రశ్న. మా ట్యాంకు విషయంలో గ్యాస్ ఎక్కువ పోతే ప్రమాదం. కాబట్టి కోఎఫిషియెంట్ ఎక్కువ అనుకుని రంధ్రం చిన్నగా పెట్టాలి. కొన్నాళ్లకు సెంట్రిఫ్యూజ్‌కు నైట్రోజన్ పర్జ్ (లోపలి గాలిని నైట్రోజన్‌తో తోసేయడం) ఆర్ఓ కోసం వెళ్లాను. అక్కడ తక్కువ పోతే ప్రమాదం, ఆక్సిజన్ లోపల మిగిలిపోతుంది. అప్పుడు కోఎఫిషియెంట్ తక్కువ అనుకుని, హెడర్ ప్రెషర్ పడిపోయే రోజును పట్టుకుని, రంధ్రం పెద్దగా పెట్టాలి. ఒకే గ్యాస్, ఒకే ప్రెషర్, ఒకే 50, అయినా రెండు వేర్వేరు రంధ్రాలు. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా బోర్ చెప్పే సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా నేను నమ్మను. ఫ్లో కొలిచే ఆరిఫీస్‌ల ఐఎస్ఓ 5167 ఫార్ములాను ఇక్కడికి లాక్కొచ్చేవాళ్లనీ నమ్మను. ఆ ప్రమాణం వెనక ప్రెషర్ ముందు దానిలో 0.75 వంతుకు తగ్గనంత వరకే గ్యాస్‌కు పనికొస్తుంది. పైగా పైపు 50 మిల్లీమీటర్లు, బోర్ 12.5 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే దాని పరిధిలోకే రాదు. మాది ఒక అంగుళం లైను.

ఇక పని నాణ్యత. నేను రెండో రోజు వెళ్లి దగ్గర కూర్చుని చూశాను. ఎస్ఎస్ 316 (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) ముక్కను 67 మిల్లీమీటర్ల వ్యాసానికి తిప్పారు, ఒక అంగుళం 150 క్లాసు ఫ్లాంజు బోల్టుల లోపల సరిగ్గా కూర్చునే కొలత. బోర్ ఒకేసారి కోయలేదు. ముందు 3.6 డ్రిల్లు, తర్వాత 3.8 రీమర్, నూనె పోస్తూ చేత్తో నెమ్మదిగా. కొలిచింది వెర్నియర్‌తో కాదు, పిన్ గేజ్‌లతో. 3.78 పిన్ను జారి దిగింది, 3.82 దూరలేదు. అంత చిన్న రంధ్రంలో 0.05 తేడా వస్తే ఫ్లో రెండున్నర శాతం మారుతుంది, అందుకే ఆ జాగ్రత్త.

ఆ తర్వాత చేసినదాని కంటే చేయకుండా వదిలేసినది నాకు ముఖ్యం. మామూలు లేత్ షాపులో రంధ్రం అంచుకు చాంఫర్ కొట్టి, అంటే ఏటవాలుగా చెక్కి, నున్నగా చేసి ఇస్తారు, పని నీటుగా కనబడాలని. గ్యాస్ వచ్చే వైపు అంచు నున్నబడితే రంధ్రం నాజిల్‌లా మారిపోయి ఇంకా ఎక్కువ వదులుతుంది, వేసిన లెక్కంతా వృథా. మేస్త్రీ గారు సన్నటి ఎమరీని చదునైన దిమ్మ మీద పరిచి, ప్లేటును దాని మీద రుద్ది బర్ (కోతకు మిగిలిన గరుకు పొట్టు) తీశారు. అంచు పదునుగా అలాగే ఉంది. భూతద్దం కింద టార్చి వేసి నాకు చూపించారు. అంచు మొద్దుబారితే అక్కడ వెలుతురు మెరుస్తుంది, పదునుగా ఉంటే మెరవదు. మెరవలేదు.

హ్యాండిల్ మీద పంచ్ కొట్టే అక్షరాల్లో లైను నంబరు, బోర్, మెటీరియల్, గ్యాస్ వచ్చే వైపు గుర్తు అన్నీ ఉన్నాయి. ప్లేటు ఫ్లాంజులో బిగించాక బయటికి కనబడేది ఆ హ్యాండిల్ ఒక్కటే. పదేళ్ల తర్వాత వచ్చే ఇంజనీరు అడిగేది దాన్నే కాబట్టి అక్షరాలు లోతుగా కొట్టమని నేను ప్రత్యేకంగా చెప్పాను. మన ఊరి ఉప్పు గాలికి పైపైన రాసినవి నిలబడవు.

ప్లాంటుకు తెచ్చి అదే రిసీవర్ మీద అదే రెండు నిమిషాల పరీక్ష చేశాం. తలుపులు తెరిచి, ఆక్సిజన్ మీటర్ పక్కన పెట్టుకుని. నైట్రోజన్‌కు వాసన ఉండదు, మూసిన గదిలో మనిషికి తెలియకుండానే ఊపిరి తీసేస్తుంది, కాబట్టి ఈ పరీక్ష ఎవరైనా చేస్తే ఆ రెండూ మర్చిపోకండి. ప్రెషర్ 1.85 బార్ పెరిగింది. గంటకు 49. మా షిఫ్ట్ ఆపరేటర్ ఆ అంకె గట్టిగా చదివినప్పుడు నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

మూడోసారి వెళ్లినప్పుడు వాళ్లు ఒక పని వద్దన్నారు, అదీ రాయాలి. 10 బార్ స్టీమ్‌ను ఒకే ప్లేటుతో వెంట్ లైనులోకి దించే పని అది. కోడలు లెక్క కట్టి ప్లేటు తర్వాత పైపులో వేగం, శబ్దం రెండూ మరీ ఎక్కువ వస్తున్నాయని, పైపు కంపనం సంగతి తెలిసినవాళ్లు చూడాలని, ఇది తమ చేతిలో పని కాదని చెప్పింది. డబ్బులొచ్చే పని వదులుకోవడం చిన్న విషయం కాదు.

లోపాలు లేకపోలేదు. చెప్పిన రోజుకు ఇవ్వరు. రెండు రోజులన్నది నాలుగైంది, ఒకసారి దసరా ఆయుధ పూజ పేరుతో వారం దాటింది, ఫోన్ చేస్తే ఎత్తలేదు. షట్‌డౌన్ నడుస్తున్నప్పుడు ఆ టెన్షన్ భరించలేం. మెటీరియల్ సర్టిఫికెట్ ప్లేటుతో పాటు ఇవ్వకుండా తర్వాత వాట్సాప్‌లో పంపుతారు, మా క్యూఏ (నాణ్యత విభాగం) వాళ్లు ఒప్పుకోరు. స్టెయిన్‌లెస్ స్టీలులోనే 304కూ 316కూ కంటితోనో అయస్కాంతంతోనో తేడా పట్టలేం కదా, అందుకే నేను ప్రతిసారీ బయట పీఎంఐ గన్‌తో (లోహంలో ఏమేం కలిసి ఉన్నాయో చెప్పే పరికరం) చూపించుకుంటున్నాను. ఇప్పటిదాకా ఒక్కటీ తేడా రాలేదు. కానీ ఆ ఖర్చు నాది.

ప్యాకింగ్ మీద మాత్రం నాకు కోపమే. ఐదో ఆర్డరులో మూడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి పేపరు చుట్టి పంపారు. దారిలో ఒకదాని హ్యాండిల్ ఇంకోదాని బోర్ అంచుకు తగిలి నొక్కు పడింది. అంత శ్రద్ధగా కాపాడిన అంచు, పది రూపాయల అట్టముక్క లేక పోయింది. చూపిస్తే మేస్త్రీ గారు మారు మాట్లాడకుండా కొత్తది చేసిచ్చారు, డబ్బు తీసుకోలేదు. అప్పటి నుంచి నేనే ఫోమ్ షీట్లు తీసుకెళ్తున్నాను.

ధర విషయానికొస్తే ఒక అంగుళం, 6 మిల్లీమీటర్ల 316 ప్లేటుకు లెక్క షీటుతో కలిపి నా దగ్గర 2,400 తీసుకున్నారు, జీఎస్టీ అదనం. వేరే ఊరి ప్లేటు దీనికి మూడింతలు పడింది. లెక్క వద్దు, మా బోర్ మాకు తెలుసు అంటే తగ్గిస్తారు. నేనైతే తగ్గించమని అడగను.

వెళ్లేవాళ్లు గ్యాస్ పేరు, ముందు ప్రెషర్ గేజా అబ్సల్యూటా, వెనక ఏముందో, పైపు సైజు, షెడ్యూలు (పైపు గోడ మందం) రాసుకుని వెళ్లండి. పి అండ్ ఐడీ (ప్లాంటు పైపులు, పరికరాలు చూపే డ్రాయింగు) ప్రింటు పట్టుకెళ్తే ఇంకా మంచిది, ఆ అమ్మాయి అందులో మనం చెప్పనివి కూడా చూస్తుంది. ఉదయం పదిన్నర తర్వాత వెళితే ఇద్దరూ ఉంటారు. ఆదివారం సెలవు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటి ఆలస్యానికీ సర్టిఫికెట్‌కూ. పన్నెండో ప్లేటు, రియాక్టర్‌కు వెళ్లే హైడ్రోజన్ లైనుది, ఇప్పుడు వాళ్ల దగ్గరే ఉంది. నిన్న మేస్త్రీ గారే ఫోన్ చేసి, కట్టింగ్ ఆయిల్ మరక మిగలకుండా ఎలా కడగమంటారో రాసి పంపమన్నారు. రాశాను, గురువారం తెచ్చుకోవాలి.